పెరిగే పిల్లకు కుట్టిన లంగా

రేకుపెట్టె మూత ఎత్తగానే ముందుగా తగిలేది ఎండిన వేపాకు వాసన, దాని వెంటే కలరా ఉండల ఘాటు, ఆ రెండూ కిటికీలోంచి వెళ్లిపోయాక, చాలాసేపటికి, గుడ్డ మడతల అడుగునుంచి ఎప్పుడో పెట్టిన గంజి తాలూకు సన్నని పులుపు. పంజాగుట్టలో నేనుండే ఇల్లు మూడో అంతస్తు; బాల్కనీకి ఎదురుగా, నా కళ్ల ఎత్తులోనే మెట్రో రైలు పోతుంది. రైలు పోయినప్పుడల్లా పెట్టెలోని బొమ్మ పింగాణీ చేతులు ఒకదానికొకటి తగిలి, ఎవరో గాజులు సర్దుకున్నంత సన్నగా చప్పుడు చేస్తాయి. పెట్టె కింద దుప్పటి మడతపెట్టి చూశాను. చప్పుడు తగ్గింది కాని పోలేదు.

ఆ బొమ్మ తలనుంచి పాదందాకా పదహారు అంగుళాలు. తల, మోచేతిదాకా చేతులు, మోకాలిదాకా కాళ్లు పింగాణీవి. నడిమి శరీరం రంపపు పొట్టు కూరిన గుడ్డ. నడుంనుంచి పాదందాకా కొలిస్తే ఎనిమిదిన్నర అంగుళాలు వస్తుంది. దాని నడుముకు కట్టి ఉన్న లంగా పొడవు మాత్రం ముప్పై ఏడు ముప్పావు. రెండుసార్లు కొలిచాను, మొదట గుడ్డ టేపుతో, తరువాత ఉక్కు టేపుతో, ఎందుకంటే గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది.

నా ఉద్యోగజీవితమంతా భూముల కొలతల కార్యాలయంలో నక్షాలు గీయడంలో గడిచింది. ఆ పని నేర్పిన అలవాటు ఒకటి నన్ను విడిచిపెట్టలేదు: కొలవనిదాన్ని నమ్మను, తేదీ తెలియనిచోట తెలియదనే రాస్తాను. చిన్ననాటి సంగతులు చెప్పేవారు సాధారణంగా వాటికి కాస్త రంగు వేస్తారు. నాకు ఆ విద్య రాదు. ఈ లంగా గురించి నేను చెప్పబోయేదంతా నేను కొలిచిందో, నా ముందు ఎవరో అన్నదో మాత్రమే. అయినా ఇది నా లెక్కల్లో ఎక్కడా ఇమడక ఇన్నాళ్లూ బయటే నిలబడి ఉంది.

మేము తెనాలినుంచి అమీర్‌పేటకు వచ్చేసరికి నేను మూడో తరగతి. నాన్నగారికి లక్డీకాపూల్ దగ్గర కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం. అప్పటి అమీర్‌పేట అంటే రోడ్డు పక్కన రెండు వరసల పెంకుటిళ్లు, వాటి వెనక జామతోటలు, జామతోటలు దాటితే జొన్నచేలు, చేలు దాటితే బండరాళ్లు. ఈనాడు ఎస్.ఆర్. నగర్ అని పిలుస్తున్న చోటికి మేము సీతాఫలాలకోసం వెళ్లేవాళ్లం. ఒంటరిగా వెళ్లకూడదని ఆంక్ష ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు రాళ్లమీదనుంచి వచ్చే గాలి రొట్టెల పెనం మీద చెయ్యి పెట్టినట్టుండేది. మొదటి వాన పడినరోజు ఆ రాళ్లే పొగలు కక్కి, ఊరంతా కాలిన మట్టి వాసన వేసేది. మా నాన్నగారు రెండంతస్తుల బస్సు దిగి, టిఫిను కారియరు ఊపుకుంటూ జామతోట గట్టుమీదుగా నడిచివస్తుంటే, ఇంకా మూడు తోటల అవతల ఉండగానే ఆ గిన్నెల చప్పుడు మాకు వినిపించేది.

మేము అద్దెకున్నది కొమురయ్యగారి ఇంట్లో. ఆయన పాత బంగళాలు విప్పే గుత్తేదారు. నవాబుల కాలంనాటి ఇల్లు ఎక్కడ కూలుస్తున్నా ఆయన మనుషులు వెళ్లి తలుపులు, దూలాలు, షాబాదు బండలు ఊడదీసి తెచ్చేవారు; అందువల్ల ఆ పెంకుటింటికి దాని స్థాయికి మించిన టేకు ద్వారబంధాలు ఉండేవి. ఆయన భార్య మల్లమ్మగారిని నేను పెద్దమ్మ అనేదాన్ని. నిటారుగా, పొడుగ్గా ఉండే మనిషి. గడప దాటేటప్పుడు తల వంచవలసిన ఆడమనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. ఆమెకు నా ఈడు కూతురు అండాలు, చంకలో పిల్లవాడు నర్సింగు.

పంజాగుట్టలో ఒక బంగళా విప్పినప్పుడు ద్వారబంధాలతోపాటు గోనెసంచిలో ఈ బొమ్మ వచ్చింది. ఒంటిమీద నూలుపోగు లేదు. ఎడమచేతి చిటికెనవేలు విరిగి ఉంది. నల్లబూట్లు మాత్రం కాళ్లకే రంగువేసి ఉన్నాయి కనుక అవి పోలేదు. పెద్దమ్మ దాన్ని బావిదగ్గర కుంకుడు రసంతో కడిగి, ఎవరింటి పిల్లో బట్టల్లేకుండా ఉండకూడదని తన పాత రవికె ముక్క చుట్టి అండాలు చేతికిచ్చింది. అండాలు దానికి దొరసాని అని పేరు పెట్టింది. ఆ సాయంత్రమే అది మా వాటాలోకి వచ్చింది, ఎందుకంటే మా అమ్మకు చేతిమిషన్ ఉంది, మిషన్ పక్కన పీలికల బుట్ట ఉంది.

ఆ ఏడాది మా ఇద్దరి ఆటా అదే. వీధిలో పిల్లలు అష్టాచెమ్మా, ఒంటికాలి బిళ్ల ఆడుతుంటే మేము అరుగుమీద బుట్ట కుమ్మరించుకుని కూర్చునేవాళ్లం. కొలతలు నావి, కుట్టు అండాలుది. ఛాతీ ఏడంగుళాలు, నడుం ఆరున్నర, భుజంనుంచి మణికట్టుదాకా అయిదు అని నేను సుద్దముక్కతో బండమీద రాసేదాన్ని. అండాలు ఆ అంకెలవైపు చూడకుండా పీలికను బొమ్మ ఒంటికి ఆనించి, పళ్లతో దారం తెంపి, కుచ్చిళ్లు పోసేది. కుట్టు అయ్యాక నేను టేపు పెడితే ఆ కుచ్చిళ్లు ఎక్కడా దారం మందం తేడా లేకుండా వచ్చేవి. నేను టేపుకోసం బుట్టలో వెతుకుతుంటే ఆమె ఓపిక పట్టలేకపోయేది.

“టేపు లేకుంటే నీకు కండ్లు సుత కనబడయా శారదా?” అనేది.

మా అమ్మ చీర అంచు ముక్కలతో పరికిణీ, నాన్నగారి చొక్కా జేబుతో రవికె, చిరిగిన దోమతెరతో మేలిముసుగు. రవికెకు కాజాలు తీయడం మాకు చేతకాక, వెనకవైపు బొందులు వేసి ముడివేసేవాళ్లం. మా అమ్మ కింది గుడ్డను పరికిణీ అంటే పెద్దమ్మ లంగా అనేది. దొరసాని రెంటికీ పలికేది కాదని అండాలు వేళాకోళం చేసేది.

ఇద్దరికీ ఒక్క విషయంలోనే తగవు. పంజాగుట్ట బంగళానుంచి వచ్చిన టేకు ద్వారబంధానికి ఆనుకుని నిలబడి తలమీద పలక పెట్టుకుని గీత గీసుకునేవాళ్లం. ప్రతిసారీ అండాలు గీత నా గీతకు పైనే ఉండేది. ఆమె మడమలు లేపుతోందని నా వాదన.

“మడిమెలు లేపలే. నువ్వే పొట్టిగున్నవ్,” అనేది అండాలు.

చివరికి పెద్దమ్మ జొన్నపిండి చేతులు కడుక్కుని వచ్చి, కూతురి మడమలు నేలకు ఆనించి తానే పట్టుకుని గీత గీయించింది. తరువాత నా గీతమీద తన చూపుడువేలు, నడిమివేలు అడ్డంగా ఆనించింది. ఆ రెండు వేళ్ల పైఅంచుకు సరిగ్గా అండాలు గీత తగిలింది. రెండు వేళ్లు, గంతే, పోయి ఆడుకోండ్రి అన్నది. నేను అదే చోట టేపు పెట్టాను: ఒకటిన్నర అంగుళం.

ఆ ఇంట్లో కాలం పండుగలతో నడిచేది. ఆషాఢంలో బోనాలు, కుండలమీద వేపమండలు, పసుపునీళ్లు కారే గడపలు. భాద్రపదం చివర గునుగు, తంగేడు పూలకోసం బండలవైపు పరుగులు. తొమ్మిదిరోజుల బతుకమ్మ, మగ్గిన పూల వాసనలో కలిసిన నువ్వుల సత్తుపిండి, పెసర సత్తుపిండి, నెయ్యి కారే మలీద. మా అమ్మ అటువైపు పులిహోర, పూర్ణంబూరెలు పంపేది. దసరానాడు పాలపిట్టను చూడడానికి కొమురయ్యగారు మమ్మల్ని చేలగట్లమీద నడిపించుకుపోయి, వస్తూ జమ్మిఆకు మా చేతుల్లో పెట్టేవారు. దసరాకు పిల్లలందరికీ కొత్త బట్టలు మా అమ్మే కుట్టేది. పెరిగే పిల్ల లంగాకు ఆమె ఎప్పుడూ లోపలివైపు మూడు టక్కులు వేసేది. గుడ్డను అడ్డంగా మడిచి కుట్టేస్తే ఆ మేరకు లంగా పొట్టిదవుతుంది, ఏడాదికొక మడత విప్పితే పిల్లతోపాటు అదీ పొడుగవుతుంది. ఒక్కొక్క టక్కు రెండంగుళాల గుడ్డ మింగేది. పొదుపుగల ఇళ్లలో మూడేళ్లదాకా మరో పట్టులంగా ఊసు ఉండేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా, వానలు ముదిరాక, అండాలుకు జ్వరం వచ్చింది. ఏ రోజున వచ్చిందో, ఏ రోజున ఆస్పత్రికి తీసుకువెళ్లారో నాకు తెలియదు. పిల్లలకు ఎవరూ చెప్పలేదు, తరువాత అడిగే ధైర్యం నాకూ కలగలేదు. లేని తేదీని రాయను. రిక్షాలో పెద్దమ్మ ఒడిలో దుప్పటి కప్పుకుని వెళుతున్న అండాలు అరుగుమీద ఉన్న నావైపు చూసి, దొరసానికి రవికె సగంలో ఉన్నది, చెయ్యి పెట్టకు అన్నది. తిరిగి వచ్చింది పెద్దమ్మ ఒక్కతే. సగం కుట్టిన రవికెకు సూది అలాగే గుచ్చి ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు.

ఆ దసరా ముందు పెద్దమ్మ మా వాటాలోకి వచ్చింది. ఒక చేతిలో బొమ్మ, ఒక చేతిలో మడత విప్పని పట్టుగుడ్డ. చిలకాకుపచ్చ, కుంకుమరంగు అంచు. ఎండాకాలంలో సుల్తాన్‌బజార్‌నుంచి అండాలుకోసం తెచ్చి దాచిన గుడ్డ అది. దొరసానికి పండుగ లంగా కుట్టమని అడిగింది. మా అమ్మ కళ్లు తుడుచుకుని, బొమ్మకు తొమ్మిదంగుళాలు చాలు కదండీ, మిగతా గుడ్డ దాచుకోండి అంటూ కత్తెర అందుకుంది.

“కత్తెర పెట్టకు చెల్లె,” అన్నది పెద్దమ్మ. “అండాలు పొడుగుకే కుట్టు. లోపటికి టక్కులు సుత వెయ్యి. పెరిగే పిల్ల గదా.”

బొమ్మ పెరగదు అని చెప్పడానికి నేను నోరు తెరిచాను; అమ్మ మోకాలు నా మోకాలిని గట్టిగా నొక్కింది. అమ్మ మిషన్ చక్రంమీద చెయ్యి ఆనించి కూర్చుని, తరువాత కుట్టడం మొదలుపెట్టింది. ఆరున్నర అంగుళాల నడుం పట్టీలోకి తొమ్మిదేళ్ల పిల్ల లంగా కుచ్చిళ్లన్నీ దూర్చడానికి మిషన్ ఒప్పుకోలేదు. ఆ భాగం చేత్తోనే కుట్టింది. మూడు టక్కులూ పోగా లంగా పొడవు ఇరవైఏడు అంగుళాలు.

పెద్దమ్మ ముందుగదిలో, ద్వారబంధం పక్కన, ఎత్తుపీట వేసి, దానికింద ఇటుకలు పేర్చి, పైన బొమ్మను నిలబెట్టి గోడమేకుకు కట్టింది. పచ్చలంగా పీటనూ ఇటుకలనూ కప్పేస్తూ నేలదాకా జారింది. వీధిలోంచి లోపలికి వచ్చేవారికి మొదటి చూపులో అక్కడ ఒక పిల్ల నిలబడి ఉన్నట్టే తోచేది. రెండో చూపులో, లంగాపైన ఉండవలసినంత మనిషి లేదని తెలిసేది. నడుంనుంచి కిందికి అండాలు, నడుంనుంచి పైకి బొమ్మ. తలుపులోంచి గాలి వచ్చినప్పుడు కుచ్చిళ్లు కదిలేవి, పింగాణీ ముఖం కదిలేది కాదు. నేను ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లడం మానేశాను. అవతలి గుమ్మంలోంచి మాత్రం ప్రతిరోజూ చూసేదాన్ని, ఎందుకంటే చూడకుండా దాటిపోవడం ఇంకా కష్టంగా ఉండేది.

మరుసటి ఏడు, ఎంగిలిపూల బతుకమ్మ ముందు, పెద్దమ్మ నన్ను పిలిచి ద్వారబంధానికి ఆనించి నిలబెట్టింది. టేపు తెస్తానంటే వద్దన్నది. నా నడుం దగ్గర బొటనవేలు ఆనించి, చేతిని జానెడు చాచి, మళ్లీ జానెడు చాచి, చీలమండ దగ్గర ఆగింది. ఆ వేళ్లకు పసుపు, తంగేడు పూల పసరు వాసన. పట్టులంగాలోంచి కూడా ఆ చలువ నాకు తెలిసేది. చీలమండ దగ్గర ఆగాక, అక్కడ రెండు వేళ్లు అడ్డంగా పెట్టి, ఆ వేళ్లకింద గోటితో కొయ్యమీద గీత గీసింది. తరువాత బొమ్మ లంగాకు ఒక టక్కు విప్పి, పీటకింద ఇటుక కలిపింది. ఆమె భోజనానికి లేచినప్పుడు నేను టేపు తెచ్చి చూశాను. నా కొలత ఇరవై ఏడున్నర. లంగా ఇరవైతొమ్మిది. పెద్దమ్మ కొలతలో తప్పు ఉందని అమ్మతో చెప్పాను. రెండు వేళ్లు ఎక్కువ పెడుతోందని, ఏడాది పొడుగునా కొయ్యమీద గీత చూపించి మరీ చెప్పాను.

“ఉండనీవే. నీకేంటి?” అన్నది అమ్మ, నావైపు చూడకుండా.

ఆమెకు అప్పటికే అర్థమైంది కాబోలు. నాకు మాత్రం అది కొలతలు రానివారు చేసే పొరపాటుగానే తోచింది. ఆ మరుసటి ఏడూ అంతే: రెండో టక్కు విప్పింది, నా కొలతకు రెండు వేళ్లు కలిపింది. ఆ తరువాతి ఏడు మూడోది.

అమ్మ భయపడుతోందని నేను ఆమె మాటలవల్ల కాదు, చేతలవల్ల గ్రహించాను. కొలత ముగిసి నేను ఇవతలికి రాగానే ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి దిష్టి తీసేది. నాకు ఆకుపచ్చ బట్టలు కుట్టడం మానేసింది. పక్కింటివాళ్లు, చచ్చిపోయిన పిల్లకు బతికున్న పిల్లను ఆది పెడతారా, ఎక్కడైనా విన్నామా అని ఆమె చెవిన వేశారు. దర్జీకి కొత్త రవికె కుట్టమని ఇచ్చేటప్పుడు నప్పిన పాత రవికెను కొలతకోసం వెంట ఇస్తామే, అదీ ఆది. నేను ఎవరికో ఆదినని తెలిసినప్పటినుంచి నా ఒళ్లు నాకు అరువిచ్చిన గుడ్డలా ఉండేది. పరుగెత్తి పడి మోకాలు కొట్టుకున్నా, ముందుగదిలోని లంగాకింద ఎవరికైనా దెబ్బ తగిలిందేమోనని తోచేది.

నాలుగో ఏడు, అదే వానల్లో, నాకూ జ్వరం వచ్చింది. అదే ఆస్పత్రి, అదే రిక్షా స్టాండు. కొన్నాళ్లు నాకు తెలివి సరిగా లేదు. ఆ రోజుల లెక్క నా దగ్గర లేదు. కాస్త కోలుకుని ఇంటికి వచ్చాక పడకమీదనుంచి విన్నాను, పెద్దమ్మ జావ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వస్తే అమ్మ గడపకు అడ్డంగా నిలబడి గిన్నె అందుకుంది కాని లోపలికి రమ్మనలేదు. అయిదేళ్లుగా ఒకే బావినీళ్లు తోడుకున్నవాళ్లు. పెద్దమ్మ గడప అవతలినుంచే, బిడ్డ లేచి తిరిగితే చాలు అని వెళ్లిపోయింది.

జ్వరంలో నేను సన్నబడి, ఒక్కసారిగా పొడుగు సాగాను. దసరా వచ్చింది. పెద్దమ్మ పిలవలేదు, తనే మా అరుగుమీదికి వచ్చి కూర్చుంది. టక్కులు అయిపోయినవి, అంచుకు పట్టీ అతకాలె, ఎంత అతకాలెనో తెలువది అన్నది. అమ్మ నన్ను తన వెనక్కి లాక్కుంది.

“మా పిల్లని ఇంక కొలవకండి అక్కయ్యగారూ. దణ్ణం పెడతాను.”

పెద్దమ్మ తన ఒడిలో ఉన్న పచ్చలంగా అంచును వేళ్లతో సర్దుతూ కూర్చుంది.

“కొలవకుంటే ఇది గీడనే ఆగిపోతది చెల్లె,” అన్నది.

మా అమ్మ అప్పుడు చేసింది ఎవరు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. చూశాను గనుక రాస్తున్నాను. నన్ను విడిచి, మిషన్ దగ్గరనుంచి సుద్దముక్క తీసుకుని, పెద్దమ్మను చెయ్యిపట్టి లేపి, ఆ పొడుగాటి మనిషిని మా గుమ్మానికి ఆనించి నిలబెట్టింది.

“ఆడపిల్లకి తల్లే కదండీ ఆది,” అన్నది. “మీ అండాలు మా పొట్టిదానిలా ఎందుకు పెరుగుతుంది? మీలా పెరుగుతుంది. మీ పొడుగు అందుకునేదాకా ఏడాదికింత అతకండి. నేను అతికి ఇస్తాను.”

ఆమె నడుంనుంచి చీలమండదాకా టేపు పట్టింది: నలభై. పెద్దమ్మకు చదువు రాదు. ఎన్ని జానలు, ఎన్ని వేళ్లు అని అడిగి తెలుసుకుంది. ఆ ఏడు అమ్మ మూడంగుళాల పసుపు పట్టీ అతికి ఇచ్చింది. అయినా ఆ మరుసటి వేసవిలో మేము మాసబ్ ట్యాంక్ వైపు ఇల్లు మారాం. ఆ మార్పుకు నాన్నగారి ఆఫీసు దూరం కారణమని ఇంట్లో చెప్పుకునేవారు. లక్డీకాపూల్‌కు అమీర్‌పేట ఎంతో మాసబ్ ట్యాంక్ ఎంతో నాకు తెలుసు గనుక, ఆ కారణం పూర్తిగా చాలదని కూడా తెలుసు.

తరువాత నేను ఆ ఇంటికి వెళ్లింది ఒక్కసారి, నా పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి. ముందుగదిలో ఎత్తుపీట స్థానంలో చెక్కపెట్టె, దానిమీద మరో పీట వచ్చాయి. పెద్దమ్మ నాకు బొట్టు పెట్టి, కుంకుమ భరిణె మూయకుండా అటు తిరిగి బొమ్మకూ పెట్టింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడినప్పుడు చూశాను. లంగా నడుం, ఆమె నడుం ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆమె నావైపు తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసి నవ్వింది. ఆ చూపు నా చీలమండ దగ్గర ఆగి, ఇంకా కొంచెం కిందికి వెళ్లినట్టు అనిపించింది.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం నర్సింగు నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చంకలో పిల్లవాడు ఇప్పుడు తలనెరిసి, మోకాళ్ల నొప్పితో లిఫ్టుకోసం ఆగవలసినవాడు. పెద్దమ్మ పోయిన సంగతి, ఇల్లు కూల్చి ఆ జాగాలో హాస్టలు కడుతున్న సంగతి చెప్పాడు. కూలుస్తున్న ఇంట్లోంచి వచ్చిన బొమ్మ మళ్లీ కూలుస్తున్న ఇంట్లోంచే నా దగ్గరికి వచ్చింది. ఆఖరి ఏళ్లలో తన తల్లి బాగా వంగిపోయిందని, కర్ర లేకుండా లేచేది కాదని, అయినా పండుగ ముందు ఆ లంగా ఎవరినీ ముట్టనిచ్చేది కాదని అన్నాడు. టేకు ద్వారబంధం ఏమైందని అడిగాను. పాత కట్టె కొనేటోళ్లు లారీలో వేసుకుని పోయినరు అక్కా అన్నాడు. పెట్టెను బల్లమీద పెట్టి, టీ తాగి, లేవబోతూ గుర్తు తెచ్చుకున్నాడు.

“ఇది నీకే ఇయ్యాల్నని అమ్మ మస్తుసార్లు చెప్పింది అక్కా. దాని కొలత ఆమె తాన ఉన్నది, గామెకే ఇయ్యిండ్రి అన్నది.”

అతడు వెళ్లాక తలుపు గడియ పెట్టి, లంగాను బల్లమీద పరిచి, పైనుంచి కిందికి చదివాను. పచ్చపట్టు ముప్పై మూడంగుళాలు. అందులో టక్కులు విప్పినచోట మూడు అడ్డుచారలు, ఎండ తగలక ఇంకా లేత ఆకు రంగులోనే ఉన్నాయి. దానికింద అమ్మ అతికిన పసుపు పట్టీ మూడు. దానికింద నీలం రెండు, తరువాత వంకాయరంగు ఒకటిన్నర, ఆ తరువాత నల్లచుక్కల తెలుపు అర అంగుళం. పిల్లలు అలాగే పెరుగుతారు, మొదట ఎక్కువగా, పోనుపోను తక్కువగా. మొత్తం నలభై. అక్కడితో పెరుగుదల ఆగింది, తల్లి దగ్గర.

కాని లంగా అక్కడితో ముగియలేదు. నలభై అంగుళాల గుడ్డలో, అంచుకు పైగా, మళ్లీ మూడు టక్కులు ఉన్నాయి. ఇవి మా అమ్మ చేతివి కావు. మొదటిది ఒక అంగుళాన్ని, రెండోది అర అంగుళాన్ని, మూడోది ముప్పావు అంగుళాన్ని మింగింది. కుట్టు ఒకదానికంటే ఒకటి వంకర, ఆఖరిదాంట్లో దారం గుడ్డను పట్టుకున్నచోటుకంటే వదిలేసిన చోట్లే ఎక్కువ. ఎదిగిన లంగాకు మళ్లీ టక్కు ఎందుకు వేస్తారో నాకు అంతుబట్టలేదు. మర్నాడు పంజాగుట్టలోనే ఎముకల డాక్టరు దగ్గర నర్సు నన్ను గోడకు ఆనించి ఎత్తు కొలిచి, పాత కాగితం తిరగేసి, అంగుళం తగ్గారు ఆంటీ, ఈ వయసులో మామూలే అన్నది. నర్సు నన్ను రెండుసార్లు పిలిస్తే గాని గోడ దగ్గరనుంచి కదలలేదట. తల్లి వంగిపోయింది. లంగా అంచు నేలకు రాసుకుంది. ఆమె తన కూతురికి టక్కు వేసింది. తొమ్మిదేళ్లదగ్గర ఆగిపోకుండా తప్పించిన పిల్లను, ఆమె నిండు వయసు దగ్గర కూడా ఆపలేదు. అండాలు ముసలిదయింది.

అమీర్‌పేటలో ఇప్పుడు జామతోట లేదు, బావి లేదు, తంగేడు పూలు రోడ్డుపక్క తట్టల్లో అమ్ముతారు. లంగాకు టక్కు వేసే దర్జీకోసం ఈ దసరా ముందు మెట్రో స్టేషను కిందినుంచి సందులన్నీ అడిగి చూశాను. పొడుగైతే కొత్తది కొనుక్కుంటారు కదమ్మా అని వాళ్లు ఆశ్చర్యపోయారు. కొమురయ్యగారి ఇల్లున్న చోట నిలబడి చూస్తే, ఆరో అంతస్తు కిటికీలనుంచి ఆడపిల్లల బట్టలు ఆరవేసి ఉన్నాయి. వాటిలో లంగాలు లేవు.

ఇంటికి వచ్చి, పడకగది తలుపు చెక్కకు ఆనుకుని నిలబడ్డాను. నడుం దగ్గర టేపు ఆనించి చీలమండదాకా పట్టడానికి నా చెయ్యి అందలేదు. టేపు చివర బరువు కట్టి వదిలాను. ముప్పైఆరు. అక్కడ చూపుడువేలు, నడిమివేలు అడ్డంగా పెట్టాను. ముప్పై ఏడున్నర. బొమ్మ లంగా ముప్పై ఏడు ముప్పావు ఉంది.

సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. అంచుకు పైన, పెద్దమ్మ ఆఖరి టక్కు పక్కనే, పావు అంగుళం మడిచి కుట్టాను. మెట్రో రైలు పోయింది. కుట్టు పూర్తయ్యాక, బొమ్మను రేకుపెట్టెలో పెట్టకుండా, తలుపు పక్కన చిన్న బల్లమీద నిలబెట్టి, లంగా కిందికి వదిలాను. పేర్చిన పుస్తకాలమీద ఎత్తు సరిచేశాను. అంచు నేలకు తగలడంలేదు. మరి నా పక్కన నిలబడితే, ఆమె ఇప్పటికీ నాకన్నా రెండు వేళ్లు ఎక్కువే.